చెంబులో మూడు ఉండలు

మొన్నామధ్య మా మనవరాలు నన్ను వాళ్ళ కాలేజీకి బలవంతాన లాక్కెళ్ళింది. మాటల్లేని పాత సినిమా ఒకటి వేస్తున్నారట, పెద్దవాళ్ళను కూడా పిలుచుకు రమ్మన్నారట. ముప్పై ఏళ్ళు బడిలో గొంతు చించుకున్నదాన్ని, మాటల్లేని చోట రెండు గంటలు కూర్చోవడం నాకూ మంచిదేలే అనుకుని వెళ్ళాను. కర్నూలు ఎండకు ఆ హాల్లో ఏసీ ఉందన్న ఆశ కూడా ఒకటి.

ఏ దేశం సినిమానో తెలియదు. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్న రైతులు, మంచం మీద ఒక ముసలాయన, చుట్టూ కొడుకులూ కోడళ్ళూ. ముసలాయన ఇంకా కళ్ళు మూయనేలేదు, అప్పుడే ఒకడు కిటికీలోంచి పొలం వైపు చూస్తున్నాడు, ఒకతి బీరువా వైపు చూస్తోంది. నోళ్ళు కదులుతాయి, చేతులు ఊగుతాయి, మాట మాత్రం బయటికి రాదు. పక్కనున్న పిల్లలు ఆవులిస్తున్నారు. నాకు మాత్రం ఒక్కో మాటా వినిపిస్తూనే ఉంది, అదీ మా కోసిగి వైపు యాసలో. ఆస్తి పంచుకునేవాళ్ళ ముఖాలు ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు.

ఒకచోట తలుపు పక్కన నిలబడిన చిన్నపిల్ల ముఖం తెర నిండా చూపించారు. ఆ పిల్లకు ఏదో తెలుసు. చెప్పదు. నేను లేచి బయటికి వచ్చేశాను.

"బాత్రూంకా అవ్వా?" అంది మనవరాలు వెనకాలే వచ్చి.

"అవునే" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు.

మాది కోసిగికి పడమర పల్లె. మా తాతకు ముగ్గురు కొడుకులు. పెదనాయన ఉల్లిగడ్డల బేరం పెట్టుకుని వారానికి రెండుసార్లు ఆదోనికి పోయి వచ్చేవాడు. మా నాయన నడిపివాడు, నోట్లో నాలుక లేని మనిషి. చిన్నాయన ఆఖరివాడు, ఇంట్లో కష్టమంతా ఆయనది. ఊరికి ఉత్తరాన ఉన్న మా బావిని తవ్వింది ఆయనే. పదహారేళ్ళ వయసులో రెండు వేసవులు తవ్వాడట. తాత గట్టున కూర్చుని బీడీ తాగుతూ ఇట్ల తవ్వు, అట్ల తవ్వు అని చెప్పేవాడట. ఊళ్ళో అన్ని బావులూ ఎండిపోయిన ఏడాది కూడా ఆ బావిలో మనిషి లోతు నీళ్ళుండేవి.

నాకు ఊహ తెలిసేసరికి చిన్నాయన భుజమే నా ఇల్లు. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టి నాకు ఈత నేర్పింది ఆయనే. నేను నీళ్ళు మింగి ఏడిస్తే, "తాగు పాపా, తాగు, మన బావి నీళ్ళే కదా, దుడ్లు ఇయ్యాల్సిన పని లేదు" అని నవ్వేవాడు. ఈత అయ్యాక గట్టు మీద జొన్నరొట్టె, దాని మీద పచ్చిమిరపకాయతో నూరిన శనక్కాయ కారం, గుద్ది పగలగొట్టిన ఉల్లిగడ్డ. తడి జుట్టులోంచి నీళ్ళు రొట్టె మీద కారేవి. ఆ రొట్టె రుచి మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు. పెదనాయన గదిలో బస్తాల నుంచి వేరుశనక్కాయలు కొట్టుకొచ్చి చిన్నాయనకు ఇస్తే, ఆయన గట్టు కింద ఎండుకంప మంట వేసి కాల్చేవాడు. "దొంగసొత్తుకు రుచి ఎక్కువ" అనేవాడు. పొట్టు మాత్రం బావిలో వేయనిచ్చేవాడు కాదు, అక్కడికి మాత్రం ఆయనకు భక్తి.

తాత పోయేనాటికి ఆయనకు పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు. చిన్నమ్మ సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి చెరుగుతూ ఉండేది.

తాత పోయాక సంవత్సరీకం కూడా కాకముందే మా ఇంట్లో మూడు పొయ్యిలు వెలిశాయి. తరువాత పెద్దమనుషులు వచ్చి మా పడసాలలో మూడు రోజులు కూర్చున్నారు. మూడు రోజులూ వాళ్ళకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు, గంట గంటకూ టీ. ఇల్లంతా బీడీ పొగ, నూనె వాసన. పంపకం చూడాలంటే అప్పుడు చూడాలి. బండి ఇరుసు నుంచి మా అవ్వ వక్కాకు పెట్టె దాకా పంచారు. చివరికి రోలు పెద్దమ్మకు, రోకలి మా అమ్మకు వచ్చాయి. ఇద్దరూ పంతం మీద పది రోజులు కారం దంచుకోకుండా కూర్చున్నారు. ఊరంతా నవ్వింది.

భూమి దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఊరి పక్కన నల్లరేగడి చేను ఒకటి, బావి చేను ఒకటి, గుట్ట కింద గరుసు నేల ఒకటి. కొలతకు మూడూ సమానమే. కానీ గరుసు నేలలో రాళ్ళే పంట. బావి చేను అయితే వాన కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదు.

"బావిని ముక్కలు చెయ్యలేము కదప్పా. చీటీలు ఏసుకోండి" అన్నారు పెద్దమనుషులు.

"బావి తవ్వింది వాడు. వానికే ఇడిసిపెట్టండిరా" అంది అవ్వ మూలనుంచి. ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. చిన్నాయనే, "వద్దులేమ్మా. నేను తవ్వినానని నాకిస్తే రేపు అన్నలు మనసులో పెట్టుకుంటారు. చీటీ అయితే ఎవురికీ కోపం రాదు" అన్నాడు.

మా ఊళ్ళో చీటీలు ఊరికే మడిచి వేయరు. మడత చూసి గుర్తుపడతారని భయం. జొన్నపిండి తడిపి ఉండలు చేస్తారు. బడి అయ్యవారు చీటీ మీద చేను పేరు రాసి, అందరికీ వినపడేలా చదివి, ఒక్కో ఉండలో ఒక్కో చీటీ దూర్చుతాడు. ఇంటి ఆడమనిషి ఆ ఉండలు మూసి, నున్నగా చేసి, మూతి సన్నని ఇత్తడి చెంబులో వేస్తుంది. ఆ మూతిలో పెద్దవాళ్ళ చెయ్యి పట్టదు. పసిబిడ్డ చెయ్యే దూరాలి. పసిబిడ్డ చేతిలో దేవుడుంటాడని మావాళ్ళ నమ్మకం.

పిండి ఎవరు కలపాలన్న దానికి ఒక పూట రగడ. చివరికి అవ్వ, "నడిపి కోడలు కలపనీ" అంది. ఇక చెంబులో చెయ్యి ఎవరిది? పెదనాయన తన కొడుకును ముందుకు తోశాడు. వాడికి అప్పటికే మీసం మొలకలు. పెద్దమనుషులు నవ్వి వద్దన్నారు.

అప్పుడు చిన్నాయన, "మా పాప తీస్తాది" అన్నాడు.

పెదనాయన లేచాడు. "పిండీ వాళ్ళదే, పాపా వాళ్ళదే అంటే ఎట్లప్పా? ఇదేం న్యాయం?"

"పాప వాళ్ళది కాదన్నా, నాది. నా భుజం మీద పెరిగింది. దాని చెయ్యీ నా చెయ్యీ ఒకటే" అన్నాడు చిన్నాయన. పెదనాయన కండువా దులుపుకుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మరుసటి పొద్దున మా అమ్మ నాకు తలంటి పోసింది. ఆరిన జుట్టుకు ఆముదం రాసి, వంటింట్లో కూర్చోబెట్టి జడ వేస్తూ, చెవి దగ్గర నోరు పెట్టింది. పక్కన పళ్ళెంలో తడిపిన జొన్నపిండి ఉంది. పచ్చిపిండి వాసన, ఆముదం వాసన కలిసిపోయాయి.

"ఇట్ల సూడు అమ్మీ. ఉండలు మూడు ఉంటాయి. బావి చీటీ ఉండేదానికి జొన్నగింజ అతికిచ్చింటా. కంటికి కనపడదు, ఏలికి తగుల్తాది. మొదుట మీ పెదనాయన పేరు పిలుస్తారు. అప్పుడు గింజ తగిలితే ఇడిసిపెట్టి ఇంగొకటి తియ్యి. మీ నాయన పేరు పిలిచినప్పుడే గింజ ఉండేది తియ్యల్ల."

"తప్పు కాదా అమ్మా?"

"తప్పేమిటికి? మీ పెద్దమ్మ చేతికి పిండి వచ్చింటే గింజ కాదు, గుండురాయే పెట్టేది."

"మరి చిన్నాయనకు బావి రావల్ల కదా?"

జడ గట్టిగా లాగింది. "ఆయనకు పిల్లా జెల్లా ఉండారా? ఇద్దరు మనుషులు, యాడైనా బతుకుతారు. నీకు సదువు కావల్నా, వద్దా? వాన చేను నమ్ముకుంటే నిన్ను ఆదోని బడికి ఎవురు పంపిస్తారు? ఆ గుట్ట కింద రాళ్ళు ఏరుకుంటా ఉంటావు, సూసుకో."

చదువంటే నాకు పిచ్చి. అది అమ్మకు బాగా తెలుసు. జడకు రిబ్బను కట్టి, నోట్లో ఇంత బెల్లంగడ్డ పెట్టింది. అది కరిగేదాకా నేను మాట్లాడలేదు.

పడసాల నిండా జనం. అయ్యవారు ఒక్కో చీటీ చదివాడు, దూర్చాడు. అమ్మ తల మీది కొంగు సర్దుకుని ఉండలు మూసింది. నేను ఆమె వేళ్ళనే చూస్తున్నాను, అయినా గింజ ఎప్పుడు అతికించిందో కనిపెట్టలేకపోయాను. ఎవరైనా పట్టుకున్నా, జొన్నపిండిలో జొన్నగింజ ఉండటం ఒక తప్పా? అంత తెలివి మా అమ్మది.

పెదనాయన పేరు పిలిచారు. చెంబులో చెయ్యి పెట్టాను. మొదటి ఉండకే గింజ తగిలింది. వదిలేసి, ఇంకోదాని కోసం తడిమాను. అరచేతికి చెమట పట్టి పిండి జిగురు జిగురుగా ఉంది. ఒక్క క్షణం ఆలస్యమైంది. పెద్దమ్మ నా వైపు ముందుకు వంగింది.

"భయపడొద్దు పాపా. నువ్వు ఏది తీసినా నాకు కోపం లేదు" అన్నాడు చిన్నాయన. ఆయనకు గరుసు నేల వస్తుందేమోనని నేను భయపడుతున్నాను అనుకున్నాడు పాపం.

పెదనాయనకు నల్లరేగడి వచ్చింది. నాయన పేరు పిలిచారు. చెంబులో రెండే ఉండలు. నున్నటిది ఒకటి, గింజది ఒకటి. నున్నటిది తీసి ఉంటే ఏమయ్యేదో అని ఈ వయసులో కూడా ఆలోచిస్తుంటాను. అమ్మ ముఖం చూశాను. చిన్నాయన ముఖం చూడలేదు. గింజ ఉన్నది తీశాను.

మిగిలిన ఉండను చిన్నాయన తానే చెంబు బోర్లించి తీసుకున్నాడు. పగలగొట్టి చీటీ కూడా చూడలేదు, పిండి కోళ్ళకు వేశాడు. నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. చిన్నమ్మ గడపలో కూలబడి ఏడుస్తుంటే, "ఏడ్వొద్దు. పసిబిడ్డ చెయ్యి తీసింది. దేవుడు చెప్పినట్లే" అన్నాడు. ఆయన మెడ మీద నా చేతి పిండి అంటుకుంది. నాకు ఆ మధ్యాహ్నమే జ్వరం వచ్చింది. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు.

నాయనకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ చెప్పలేను. తెలిసినా నోరు మెదిపే మనిషి కాదు.

తరువాతి సంవత్సరం వానలు మొహం చాటేశాయి. చిన్నాయన గరుసు నేలలో రాళ్ళు ఏరి, వేరుశనగ వేశాడు. కాయ ఊరే సమయానికి నేల నెర్రెలు విచ్చింది. ఒక మధ్యాహ్నం మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అన్నా, ఒక్క తడి నీళ్ళు ఇడుస్తావా? కాలవ నేనే తీసుకుంటా. ఒక్క తడికి పంట నిలబడతాది."

నాయన సరే అనడానికి నోరు తెరిచాడు. లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది. "మన ఉల్లిగడ్డకే సాలడం లేదు. ఈ పొద్దు ఒక తడి అంటారు, రేపు ఇంగొకటి అంటారు. పంచుకున్న మీదట ఎవురిది వాళ్ళదే."

నాయన నోరు మూశాడు. తన చేత్తో తవ్విన బావి నుంచి ఒక్క తడి నీళ్ళు అడుక్కున్న మనిషి, అవీ దొరక్క, "సరేలే వదినా" అని వెళ్ళిపోయాడు. నేను స్తంభం వెనక ఉన్నాను. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

ఆ పంట పోయింది. ఊళ్ళో సగం మంది లాగే వాళ్ళూ సుగ్గికి పోయారు. సుగ్గి అంటే కోత కాలం. మావాళ్ళకు మాత్రం ఊరికి తాళం వేసి, మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు లారీ ఎక్కడం. అప్పటికి చిన్నమ్మకు ఆరో నెల. ఎడ్లను అమ్మేశారు. లారీలో మూటల మీద కూర్చుని చిన్నాయన నాకు చెయ్యి ఊపాడు. "బాగా సదువుకో పాపా" అన్నాడు.

మూడు నెలల తరువాత తిరిగొచ్చారు, ఇద్దరే. చేను గట్టున వేసుకున్న డేరాలో కాన్పయిందట. బిడ్డ రెండు రోజులు బతికిందట. చిన్నమ్మ ఒళ్ళంతా మిరపకాయల ఘాటు, దగ్గరికి పోతే తుమ్ములు వచ్చేవి. నాకోసం చిన్నాయన ఒక పెన్సిల్ పెట్టె తెచ్చాడు.

బావి మాత్రం అమ్మ మాట నిలబెట్టింది. ఉల్లిగడ్డ మీద వచ్చిన డబ్బుతో, తరువాత పుట్టిన తమ్ముళ్ళతో పాటు నేనూ ఆదోనిలో చదివాను, ఆపైన కర్నూలులో డిగ్రీ. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు చిన్నాయనను చూడటానికి వెళితే, గరుసు చేను మూలన కొత్తగా నాగరాయి నిలబెట్టి ఉంది, పసుపూ కుంకుమలతో. ఇదేమిటి చిన్నాయనా అని అడిగాను.

రాయి మీద పడిన ఆకులు ఏరిపారేశాడు. ఆఖరుకు, "నువ్వు సదువుకున్నదానివి, నీకు చెప్పొచ్చు" అని మొదలుపెట్టాడు. "బావి తవ్వేటప్పుడు నా గడ్డపార కింద ఒక నాగుబాము తెగింది. మా నాయనకు చెప్తే పని ఆపిచ్చి పూజలంటాడని, మట్టితో పాటు తట్టకెత్తి పైకి పంపిచ్చినా. ఎవురికీ చెప్పలేదు. అందుకే ఆ బావి నన్ను వద్దనింది. నీ చేత చెప్పిచ్చింది. బిడ్డను గూడ అదే తీసుకపోయింది. అంతా నేను చేసుకున్న పాపమే తల్లీ."

చెప్పాల్సింది ఒక్క వాక్యం. నేనేం చెప్పానో తెలుసా? "ఇట్లాంటివన్నీ మూఢనమ్మకాలు చిన్నాయనా, పాములు పగబట్టవు" అని ఉపన్యాసం ఇచ్చాను. శాస్త్రం చెప్పాను, సత్యం చెప్పలేదు. చెబితే అమ్మ పరువు పోతుంది. నేను కట్టుకున్న చీర, చదువుతున్న పుస్తకం ఎక్కడివో బయటపడతాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆయన నవ్వి, "అంతేలే" అన్నాడు. రాయి ముందు పాలు పోయడం మాత్రం మానలేదు.

అమ్మ పెద్దదై మంచం పట్టాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ గింజ సంగతి ఏనాడైనా నిన్ను బాధపెట్టిందా అని. "ఏం గింజ?" అంది నా కళ్ళల్లోకి చూస్తూ. అంతే. తరువాత కొన్నాళ్ళకు ఆమె పోయింది. రెండేళ్ళ కిందట చిన్నాయనా పోయాడు. చిన్నాయన వాళ్ళకు మరి పిల్లలు పుట్టలేదు, పెదనాయన కొడుకే తలకొరివి పెట్టాడు.

ఆ సినిమా చూసిన వారానికి బస్సెక్కి ఊరికి వెళ్ళాను. చిన్నమ్మ వాకిట్లో నీడన కూర్చుని కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి సంబరపడింది, టీ పెట్టింది. టీ గ్లాసు చేతిలో పట్టుకునే అంతా చెప్పాను. పిండి, గింజ, వంటింట్లో అమ్మ మాటలు, చెంబులో నా వేళ్ళు. ఆమె చేట ఆగిపోయింది.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. "ఆ బావి చేనులో నా భాగం ఎంతుందో అంతా నీ పేరున రాస్తా చిన్నమ్మా, తమ్ముళ్ళతో నేను మాట్లాడతా" అన్నాను.

"ఆ బావిలో నీళ్ళు యాడుండాయి? ఎండిపోయి ఎన్నేండ్లాయె" అంది. చేట పక్కన పెట్టింది. కొంగుతో ముఖం అద్దుకుంది.

"ఆయప్ప ఉన్నప్పుడు చెప్పింటే బావి అడిగేటోడు కాదమ్మా. నీ మీద కోపం గూడ తెచ్చుకునేటోడు కాదు, నువ్వంటే పానం. పాము వల్ల కాదని తెలిసింటే సాలు. సచ్చే ముందర గూడ నా చేతులు పట్టుకొని, నీ బిడ్డను నేనే సంపినా, నన్ను క్షమించు అన్నాడు. నేను క్షమించినా అని చెప్పి పంపిస్తి." కాసేపు గుట్ట వైపు చూసింది. "ఇప్పుడొచ్చి చెప్తాండావు. ఇంగ నేను ఎవురికి చెప్పేది?"

ఎనిమిదేళ్ళప్పుడు చెంబులో చెయ్యి పెట్టించింది మా అమ్మ. ఆ పాపం ఆమెకు వదిలేయగలను. కానీ ఆ నాగరాయి పక్కన నిలబడి, నోటిదాకా వచ్చిన మాటను మింగినప్పుడు అమ్మ అక్కడ లేదు. చిన్నాయనా, నేనూ, ఇద్దరమే ఉన్నాం.